రెండవది ఉన్నదిలే

2011 డిసెంబరులో నేనొక తనిఖీ నివేదిక రాశాను. ఇంగ్లీషులో రాసిన ఆ నివేదికలోని ఒక వాక్యం ఇప్పటికీ నాకు కంఠస్థం. తెలుగులో చెప్పాలంటే ఇది: ‘టర్బైను కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ సప్లై మాడ్యూళ్ళు రెండు అమర్చి ఉన్నవి. స్వయంగా చూశాను.’ అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మాడ్యూళ్ళు రెండే. నేను చూసిన మాటా నిజమే. అయినా ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో నేను రాసిన వాక్యాలలో ఇంతకంటే తప్పుడు వాక్యం మరొకటి లేదని నా నమ్మకం. అబద్ధం కాని తప్పు ఎలా ఉంటుందో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

అప్పుడు నేను తుంగభద్ర ఆయకట్టులోని ఒక శాఖలో పనిచేస్తున్నాను. మా బ్యాంకు అప్పిచ్చిన ఒక చక్కెర మిల్లు ఉండేది. మిల్లు పేరు ఇక్కడ అక్కరలేదు. నడిపేవారు చెడ్డవారు కారు, నాలాంటివారే. చెరకు పిండగా మిగిలిన పిప్పిని బాయిలరులో కాల్చి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి, కరెంటు తీసేవారు. ఆ కరెంటుతోనే మిల్లు నడిచేది, మిగిలింది గ్రిడ్డుకు అమ్మేవారు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. టర్బైను గురించి నాకు తెలిసిందల్లా ఆ అప్పు దస్త్రం మీద నేర్చుకున్నదే. నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇరుసు అది. దాని వేగాన్ని క్షణక్షణం కొలిచి, ఆవిరి కవాటాన్ని ఇంత తెరువు, ఇంత మూయి అని చెప్పే మెదడు ఒక ఇనుప బీరువాలో ఉంటుంది. అదే కంట్రోల్ ప్యానెల్. జనరేటరు మీద ఉన్న బరువు హఠాత్తుగా తప్పిపోతే టర్బైను పగ్గం తెంపుకున్న ఎద్దులా పరుగెత్తుతుంది. ఉండవలసిన వేగం మీద నూటికి పది వంతులు పెరిగేసరికే ఆవిరి కట్టేయాలి, లేకపోతే రెక్కలు ఊడి గోడలు పగలగొట్టుకుని పోతాయి. ఇంత పని చేసే ఆ మెదడుకు కావలసిన తిండి మాత్రం 24 వోల్టుల డి.సి. కరెంటు. లారీ బ్యాటరీ ఇచ్చేపాటిది. ఆ తిండి వండిపెట్టేదే పవర్ సప్లై మాడ్యూలు. పెద్ద నిఘంటువు ప్రమాణంలో ఉంటుంది, అంతే.

2009లో అప్పు మంజూరు చేసేటప్పుడు కొటేషన్‌లో ‘రిడండెంట్ పవర్ సప్లై’ అనే పద్దు నా కంట పడింది. మా ఉద్యోగ లోకంలో రిడండెంట్ అంటే అక్కరలేనివాడు అని అర్థం. ఆ మాట చెప్పే మనుషుల్ని ఇంటికి పంపుతారు. అక్కరలేనిదని వాళ్ళే రాసుకున్న వస్తువుకు బ్యాంకు సొమ్మెందుకని నేను ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను. మిల్లు తరపున ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు వచ్చాడు. బళ్ళారి కుర్రవాడు, మనవాడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం.

“స్టెప్నీ టైరు అనుకోండి, అవునా? డిక్కీలో ఊరికే పడి ఉండేదానికి ఇంత ఖర్చెందుకు?” అన్నాను.

“అట్ల కాదు సార్. రెండూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. చెరిసగం మోస్తాయి. ఒకటి పోతే రెండోది ఆ క్షణంలోనే మొత్తం ఎత్తుకుంటాది. టైరు మార్చేదానికి బండి నిలబెట్టే పని లేదు.”

ఎలాగని అడిగాను. రెండింటి నుంచీ వచ్చే కరెంటు ఒక్కొక్క డయోడు గుండా పోయి ఒకే తీగలో కలుస్తుందట. డయోడు అంటే ఒక వైపుకే తెరుచుకునే తలుపు. ఒక మాడ్యూలు చచ్చినప్పుడు బతికిన దాని కరెంటు వెనక్కి పోయి ఆ శవంలో వృథా కాకుండా ఆ తలుపు కాపాడుతుంది. చెడినదాన్ని పీకి కొత్తది పెట్టేటప్పుడు కూడా టర్బైను ఆగనక్కరలేదు.

నాకు నా పద్ధతిలో అర్థమయింది. ఒక ఇంట్లో ఇద్దరు సంపాదిస్తున్నారు. ఏ ఒక్కరి జీతంతోనైనా ఇల్లు గడిచేలా ఖర్చు పెట్టుకున్నారు. అలాంటి ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా ఆ నెల పాలవాడికి బాకీ ఉండదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రెండు జీతాలు వస్తున్నాయి కదా అని ఖర్చు రెండు జీతాల దాకా పెరిగిందనుకోండి, అప్పుడూ సంపాదించేవారు ఇద్దరే, కాని తోడు లేదు. ఎవరు పడినా ఇల్లు పడుతుంది. ప్యానెల్‌లోనూ ఇదే జరుగుతుందట. ఏటా ఒక కొత్త కార్డు, ఒక కొత్త మీటరు తగిలిస్తూ పోతే బరువు ఒక మాడ్యూలు మోయగలిగిన హద్దు దాటిపోతుంది. బయటికి రెండు దీపాలూ పచ్చగానే వెలుగుతుంటాయి. గృహరుణాలు ఇచ్చే కుర్రాళ్ళకు ఈ సంగతి చెబుతూ ఉంటాను. వింటారో లేదో తెలియదు.

‘తోడు’ అన్నాను చూశారా, రిడండెంట్‌కు మన భాషలో నాకు దొరికిన మాట అదే. పాలకు పెట్టే తోడు కూడా గుర్తుకొచ్చి ఆ మాట మరీ నచ్చింది. ఎర్రసిరా ప్రశ్నార్థకం కొట్టేశాను. అప్పు మంజూరైంది.

ఇక ప్రమాదం సంగతి. దాన్ని ప్రమాదం అనవచ్చో లేదో కూడా సందేహమే. 2011 సీజన్ మొదలైన వారానికే రెండింటిలో ఒక మాడ్యూలు పోయింది. లోపలి కెపాసిటరు ఉబ్బిందన్నారు. రెండవది అనుకున్నట్టే బరువంతా ఎత్తుకుంది. దీపం ఆరింది, హూటరు మోగింది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే జరిగాయి. స్టోర్సులో మారు మాడ్యూలు లేదు. ఇండెంటు రాశారు. ఈలోగా హూటరు ఆగదు. నొక్కి ఆపితే మళ్ళీ మోగుతుంది. దాని గోలలో మిగతా అలారాలు వినబడవని షిఫ్టు ఆపరేటరు ఆ ఒక్క తీగకు జంపరు వేశాడు. అతని తప్పని నేను అనలేను. ముప్ఫై అలారాలు కనిపెట్టుకుని కూర్చునేవాడికి తెలిసిన సంగతినే పదే పదే అరిచి చెప్పే అలారం శత్రువే.

ఇండెంటు అకౌంట్స్ విభాగానికి వెళ్ళింది. అక్కడ నాలాంటి కామర్సు పట్టభద్రుడే ఒకాయన దాని మీద రాశాడట: ‘రెండవది పనిచేస్తున్నందున అత్యవసరం కాదు. సీజను తర్వాత చూడవచ్చు.’ పాఠకులు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మొదటిది పోతే ఆదుకోవాలని రెండవదాన్ని కొన్నాం. ఆ రెండవది ఉండడమే మొదటిదాన్ని బాగుచేయకపోవడానికి కారణమైంది.

నేను డిసెంబరులో వెళ్ళాను. బీరువా తలుపు తీశారు. నిఘంటువుల్లాంటివి రెండు పక్కపక్కన ఉన్నాయి. లెక్కపెట్టాను, రెండు. ఒకదాని దీపం ఆరి ఉందని నా కళ్ళు చూసే ఉండాలి. నేను చూడలేదు. మా తనిఖీ పత్రంలో ‘సంఖ్య’ అని ఒక గడి ఉంటుంది, దీపానికి గడి లేదు.

జనవరిలో ఒక రాత్రి రెండవది కూడా పోయింది. ఇందులో వింత లేదు. సగం బరువు మోసినదాని మీద మొత్తం పడితే వేడెక్కుతుంది. ప్రతి పది డిగ్రీల వేడికీ కెపాసిటరు ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. దానికి తోడు అది బాయిలరు పక్కనున్న గది. మనుషులకు ఏదీ పెద్దగా కాలేదు, ఒక్కరికీ గోరు మీద దెబ్బ తగలలేదు. ఎందుకంటే టర్బైను కట్టేవారు మనకంటే వినయం గలవాళ్ళు. ఆవిరి వచ్చే ముఖ్య కవాటాన్ని తెరిచి పట్టుకోవడానికే కరెంటు కావాలి. కరెంటు పోతే నూనె ఒత్తిడి దిగిపోయి స్ప్రింగు దాన్ని టక్కున మూసేస్తుంది. రెండు మాడ్యూళ్ళు పెట్టిన చేతులే, రెండూ పోయే రోజు వస్తుందని ఒప్పుకుని ఈ ఏర్పాటు కూడా చేశాయి. ‘రెండున్నాయి కదా’ అనే ధైర్యం వాళ్ళకు లేదు. అది మాకు వచ్చింది.

టర్బైను క్షేమంగా ఆగింది. మిల్లు ఆగింది. కొత్త మాడ్యూలు బెంగుళూరు నుంచి వచ్చి అది మళ్ళీ తిరిగేసరికి ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజూ చెరకు బండ్లు, ట్రాక్టర్లు గేటు బయట వరసగా నిలిచిపోయాయి. కోసిన చెరకును ఒక రోజులోగా గానుగాడాలి. ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. రైతుకు డబ్బు కట్టేది కాటా మీది తూకానికి. అప్పు మాది, మిల్లు వాళ్ళది, జంపరు ఆపరేటరుది, వాక్యం అకౌంటెంటుది, తనిఖీ నాది. ఎండిపోయింది మాత్రం వీటిలో దేనితోనూ సంబంధం లేని వాడి చెరకు. వాళ్ళలో కొందరు మా శాఖలోనే పంట రుణం తీసుకున్నవాళ్ళు. మార్చిలో వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు ఒక ముసలాయన, “ఈసారి తూకం సరిగ్గా రాలేదు స్వామీ, వంద తక్కువుంది, చూసుకోండి” అని నా బల్ల ముందు నిలబడ్డాడు. ఆయనకు నా నివేదిక సంగతి తెలియదు. నేను చెప్పలేదు.

తప్పెవరిది అనేది తేలిక ప్రశ్న. తలా ఒక పిడికెడు పంచుకుంటే అయిపోతుంది. తలా ఒక చెంబు పాలు పోయమంటే అందరూ నీళ్ళే పోసిన చెరువు కథ మన పెద్దలు చెప్పగా విన్నదే. నన్ను వేధించింది వేరే ప్రశ్న. ఆ నవంబరు నుంచి జనవరి దాకా నష్టమేమీ జరగలేదు. చక్కెర వచ్చింది, కరెంటు అమ్ముడైంది. ఆ రెండవ మాడ్యూలు సీజను చివరిదాకా నిలిచి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అప్పుడు మేం చేసింది తప్పు కాకుండా పోయేదా?

ఈ ప్రశ్నకు నేను జవాబు వెతుక్కోవలసి వచ్చింది మిల్లులో కాదు, నా పాత జ్ఞాపకంలో. 1998లో తమిళనాడులో ఒక శాఖలో ఉండగా స్ట్రాంగ్ రూముకు నేనొక తాళంచెవి, హెడ్ క్యాషియరు ఒక తాళంచెవి. బ్యాంకులలో ఇది పురాతన పద్ధతి. ఇద్దరు కలిస్తే గాని తలుపు తెరుచుకోదు. ఇంకో జత తాళంచెవులను మా శాఖలో ఉంచరు, మరో శాఖలో దాస్తారు. కొంత కాలానికొకసారి ఆ జతను తెప్పించి, వాడుకలోకి తెచ్చి, పాత జతను అక్కడికి పంపుతారు. కొత్తలో నాకిది దండగ చాకిరీ అనిపించేది. తోడును పక్క ఊళ్ళో ఎందుకుంచాలో, అప్పుడప్పుడు తీసి ఎందుకు తిప్పి చూడాలో, ఆ పద్ధతి పెట్టిన పెద్దమనిషి ఎవరో గాని ఆయనకు బాగా తెలుసు.

ఆ హెడ్ క్యాషియరును నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వదినగారికి జబ్బు చేసి బెంగుళూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన రోజూ నాలుగు గంటల బస్సు పట్టుకోవాలి. “తమ్ముడూ, నా తాళంచెవి కూడా నీ దగ్గరుంచుకో” అన్నాడు. ఉంచుకున్నాను. నాలుగు నెలలు సాయంత్రం నగదు లోపల పెట్టడం, తాళాలు వేయడం రెండు చేతుల పనీ నేనే చేశాను. రిజిస్టరులో సంతకాలు రెండూ ఉండేవి. ఆయన మర్నాడు పొద్దున వచ్చి పెట్టేవాడు. ఒక్క పైసా పోలేదు. ఆడిట్ వాళ్ళు వచ్చి రెండు సంతకాలు లెక్కపెట్టి, బాగుందని రాసి వెళ్ళారు. వదినగారు కోలుకున్నారు. ఈ సంగతి చాలా ఏళ్ళు నేను చేసిన మంచి పనుల జాబితాలోనే ఉంది.

ఇప్పుడు లేదు. సాయం చేసినందుకు బాధ లేదు. ఆయనకు కావలసింది సాయమే. కాని దానికి దారి ఉంది. ఆ తాళంచెవిని మరో అధికారికి పుస్తకంలో రాసి అప్పగించవచ్చు. అలా చేస్తే ఆయన రోజూ ముందే వెళుతున్నాడని పైవాళ్ళకు తెలుస్తుంది. ఆ మాట బయటికి రాకూడదని నేను రెండు తాళంచెవులూ ఒక జేబులో వేసుకున్నాను. అంటే హూటరుకు జంపరు వేశానన్నమాట. తలుపు వెనకనున్న సొమ్ము దాచుకున్నవాళ్ళు తమ డబ్బుకు ఇద్దరి కాపలా ఉందనుకుని నిద్రపోయారు. వాళ్ళకున్నది ఒక్కడి మంచితనం. ఆ ఒక్కడు మంచివాడు కావడం వాళ్ళ అదృష్టం గాని వాళ్ళకు మేమిచ్చిన మాట కాదు. నష్టం జరిగినా జరగకపోయినా ఆ నాలుగు నెలలూ వాళ్ళ దగ్గర నుంచి ఒకటి తీసేసుకున్నాం, చెప్పకుండా.

మన ఇళ్ళలో చెప్పకుండా మోయడం గొప్ప గుణం. కుదేలైన అన్నగారి బాధ్యతలు తమ్ముడు ఎత్తుకుంటాడు, మంచం పట్టిన అత్తగారి పని కోడలు ఎత్తుకుంటుంది, ఊరికి తెలియనివ్వరు. వారిని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. అలాంటి వారి మీదే మా కుటుంబమూ నిలబడింది. అయినా ఆ రెండవ మాడ్యూలును తలచుకున్నప్పుడు నాకు అనిపిస్తుంది: బరువంతా ఎత్తుకున్నదానికి ‘ఇప్పుడు నేనొక్కదాన్నే’ అని చెప్పే నోరు కూడా ఉంచాలి. ఆ నోరు దానికి కట్టినవాళ్ళు ఉంచారు. నొక్కేసింది మేం.

ఇక లెక్క సంగతి. ఒక వస్తువు పాడయ్యే అవకాశం నూటికి ఒకటైతే, రెండూ ఒకేసారి పాడయ్యే అవకాశం పదివేలకు ఒకటి అని మా బి.కాం. స్టాటిస్టిక్సు చెబుతుంది. కాని ఒకదాని చావుతో రెండవదానికి సంబంధం లేనప్పుడే ఆ గుణకారం చెల్లుతుంది. బ్యాంకులో దీన్ని నేను జామీనుల దగ్గర నేర్చుకున్నాను. అప్పుకు ఇద్దరు హామీదారులు కావాలంటాం. రైతు తన అన్ననూ తమ్ముణ్ణీ తీసుకొస్తాడు. ముగ్గురి భూమీ ఒకే కాలువ కింద. ఆ కాలువకు నీళ్ళు రాని ఏడు మా దస్త్రంలో హామీదారులు ఇద్దరే, పొలంలో ఒక్కడూ లేడు. ఆ మిల్లులో కూడా తర్వాత చూస్తే రెండు మాడ్యూళ్ళకూ కరెంటు ఒకే యు.పి.ఎస్. నుంచి వస్తోంది. ఒకటి దాని నుంచీ మరొకటి స్టేషను బ్యాటరీ నుంచీ తీసుకోవాలని డ్రాయింగులో ఉందట. తీగ పొడుగవుతుందని కలిపేశారు.

చిన్న మిల్లులే ఇలా చేస్తాయని అనుకోనక్కరలేదు. ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున నరోరా అణువిద్యుత్ కేంద్రం ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున అక్కడ మొదటి యూనిట్ టర్బైనులో చివరి వరస రెక్కలు రెండు విరిగాయి. ఆ అదురుకు జనరేటరును చల్లబరిచే హైడ్రోజను బయటికొచ్చింది, నూనె గొట్టాలు పగిలాయి, మంటలు లేచాయి. కరెంటుకు అక్కడ ఒకటికి నాలుగు దారులు ఉన్నాయి. డీజిలు జనరేటర్లున్నాయి, బ్యాటరీలున్నాయి. అసలు కేబుళ్ళూ వాటికి మారుగా ఉంచిన కేబుళ్ళూ మధ్య అగ్నిని ఆపే అడ్డు లేకుండా ఒకే దారిన పోయాయి. అన్నీ కలిసి కాలిపోయాయి. దాదాపు 17 గంటలు ఆ యూనిట్‌కు కరెంటు లేదు. కంట్రోల్ రూములోకి పొగ వచ్చి అందులోనివారు బయటికి రావలసి వచ్చింది. మొదటి నిమిషంలోనే రియాక్టరును ఆపేశారు. తర్వాత కొందరు టార్చిలైట్లు పట్టుకుని చీకట్లో మెట్లెక్కి, కవాటాలు చేత్తో తిప్పి, రియాక్టరు మళ్ళీ అంటుకోకుండా బోరాను కలిపిన ద్రవాన్ని వదిలారు. మంటలార్పడానికి ఉంచిన డీజిలు పంపులతో బాయిలర్లకు నీళ్ళు పంపారు. రేడియేషన్ బయటికి పొక్కలేదు. ఆ రాత్రి ఆదుకున్నవి తోడు అని పేరు పెట్టుకుని పక్కనే పడుకున్నవి కావు. వేరేచోట, వేరే పనికోసం ఉన్నవి.

ఇవన్నీ చదివాక 2012 జూన్‌లో, సీజను అయిపోయి మిల్లు నిద్రపోతున్నప్పుడు, నేను మళ్ళీ తనిఖీకి వెళ్ళాను. పైఆఫీసు అడగలేదు, నేనే తేదీ పెట్టుకున్నాను. టర్బైను ఆగి ఉంది, ప్యానెల్‌కు మాత్రం కరెంటు ఇచ్చి ఉంచారు. బళ్ళారి కుర్రవాడు బీరువా తలుపు తీశాడు. రెండు పచ్చదీపాలు. కొత్త తీగ ఒకటి బ్యాటరీ గది నుంచి గోడ వెంబడి విడిగా వచ్చింది, చూపించాడు.

“లెక్కపెట్టుకోండి సార్” అన్నాడు. ఎగతాళి ఉందో లేదో నాకు తెలియలేదు.

“ఒకటి ఆపు” అన్నాను.

ఆపాడు. ఒక దీపం ఆరింది. తెరమీద అంకెలు కదలలేదు. హూటరు గదంతా అదిరేలా మోగింది. కాసేపు అలాగే ఉంచమన్నాను. అతను చెవులు మూసుకున్నాడు. తర్వాత అది వెలిగించి రెండవది ఆపాడు. మళ్ళీ మోగింది. నివేదికలో ఆ సంగతంతా రాయడానికి పత్రంలో చోటు లేక వెనక కాగితం అంటించాను. ప్రాంతీయ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది, పవర్ సప్లైకి ఇంత పెద్ద నివేదిక ఎందుకని.